ప్లాటు గీతల కంటే ముందు నీటి గీత: కొత్త లేఅవుట్‌లో వరద కాలువలు, నిలుపుదల కుంట వేసుకునే పద్ధతి

నల్లగొండ, మహబూబ్‌నగర్, వనపర్తి, నాగర్‌కర్నూల్ పట్టణాల చుట్టూ ఒకప్పటి చెల్కలు, అంటే మెట్ట పొలాలు, ఇప్పుడు వెంచర్లవుతున్నాయి. చాలా వెంచర్లలో మొదట ప్లాట్ల గీతలు పడతాయి, ఆ తరువాత రోడ్లు పడతాయి, అన్నీ అయిపోయాక మిగిలిన సందులో కాలువ పడుతుంది. ఈ వరుసను తిరగవేయాలి. నీరు ఎటు నుంచి వస్తున్నదో, ఎక్కడ నిలుస్తున్నదో, ఎటు పోతున్నదో ముందుగా కాగితం మీద గీసి, ఆ గీతలు వదిలిన స్థలంలోనే రోడ్లను, ప్లాట్లను అమర్చాలి. లేఅవుట్ వేసిన తరువాత ఆ భూమి నుంచి బయటికి పోయే వరద, అది పొలంగా ఉన్నప్పుడు పోయిన దానికంటే ఎక్కువ కాకూడదు. వేరే దారి పట్టకూడదు. ఈ రెండు షరతులు నెరవేరేలా కాలువలను, వరదను కాసేపు ఆపి మెల్లగా వదిలే నిలుపుదల కుంటను ఎలా లెక్కగట్టి కట్టుకోవాలో ఇక్కడ వివరిస్తున్నాను.

మనది వాన తక్కువ ప్రాంతం కదా, ఇంత లెక్క ఎందుకని అడిగేవారు ఉంటారు. పాత మహబూబ్‌నగర్ జిల్లాలో ఏడాదికి సుమారు 600 మిల్లీమీటర్లు, పాత నల్లగొండ జిల్లాలో సుమారు 750 మిల్లీమీటర్ల వాన పడుతుందన్నది నిజమే. అయితే కాలువ కొలత ఏడాది వానను బట్టి రాదు, గంటలో కురిసే వానను బట్టి వస్తుంది. ఏడాది వాన అంతా కొద్ది రోజుల్లోనే, అందులోనూ కొద్ది గంటల్లోనే కురిసే నేల మనది. 2020 అక్టోబరు 13న, చిత్త కార్తెలో, ఇక వానాకాలం వెళ్లిపోతున్నదనుకున్న రోజుల్లో కురిసిన వాన హైదరాబాద్‌తో పాటు పాత నల్లగొండ జిల్లా ఉత్తర భాగాన్ని కూడా ముంచింది. 2022 జూలైలో మహబూబ్‌నగర్ దగ్గర రైల్వే వంతెన కింద నిలిచిన నీటిలో పాఠశాల బస్సు చిక్కుకుపోతే, స్థానికులు పిల్లలను బయటికి తీయవలసి వచ్చింది. పల్లంలో దారి వేసి, ఆ పల్లంలోకి వచ్చే నీటికి దారి చూపకపోతే ఏమవుతుందో చెప్పడానికి అంతకు మించిన ఉదాహరణ అక్కరలేదు.

ముందు పొలం నడవాలి

సర్వే యంత్రం కంటే ముందు మనిషి నడవాలి. వీలైతే వాన పడుతున్నప్పుడు, లేకుంటే వాన వెలిసిన మరునాడు, గొడుగు, గ్రామ నక్ష పట్టుకుని పొలం అంతా తిరగాలి. నక్షలో వాగు, ఒర్రె (చిన్న వాగు), కుంట శిఖం (నీరు నిలిచే నేల) గుర్తులు ఉంటాయి. నేల మీద అవి చదునై కనిపించకపోవచ్చు, అయినా నీరు ఇంకా ఆ దారినే వస్తుంది. చూపు పెట్టవలసింది చిన్న చిన్న గుర్తుల మీద. ముళ్లకంచె తీగకు మోకాలెత్తున ఎండుగడ్డి, సన్న పుల్లలు చుట్టుకుని ఉంటే అది నిరుడు వరద అక్కడి దాకా వచ్చిందన్న సాక్ష్యం. గట్టు తెగి మళ్లీ రాళ్లు పేర్చిన చోటు, తుంగ మొలిచిన పట్టీ, వరుసగా పెరిగిన సర్కారు తుమ్మలు, పాదం కింద మెత్తగా విరిగే ఒండ్రు పొర – ఇవన్నీ నీరు నడిచే దారులే. ప్రతి గుర్తు దగ్గరా ఆగి, ఫోనులో దాని స్థానం నమోదు చేసుకోవాలి.

పొలం పేర్లను కూడా అడిగి రాసుకోవాలి. కుంట కింది చేను, ఒర్రె గడ్డ, వాగొడ్డు మడి అని పిలిచే ముక్కలు ఊరికే ఆ పేర్లు తెచ్చుకోలేదు. ఆ ఊరి చెరువుకు నీరటిగా (తూము తెరిచి మూసే మనిషిగా) పనిచేసిన పెద్దాయన ఉంటే ఆయనను వెంట తీసుకుని రావాలి. అలుగు పారిన ఏడాది నీరు ఏ గట్టు దాకా ఎక్కిందో ఆయన వేలితో చూపిస్తాడు. ఇలాంటి ఒక ఉదయపు నడక తరువాతి నెల రోజుల డ్రాయింగు పనిని మారుస్తుందని నా అనుభవం.

తరువాతే మట్టాల సర్వే. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 పటంలో కాంటూర్ల (సమాన ఎత్తు గీతల) మధ్య తేడా 20 మీటర్లు కాబట్టి అది పైనున్న పరీవాహకాన్ని గుర్తించడానికి పనికొస్తుంది కానీ లేఅవుట్ వేయడానికి పనికిరాదు. టోటల్ స్టేషను అనే సర్వే యంత్రంతో అర మీటరు కాంటూర్లు, నేల మరీ చదునుగా ఉన్నచోట పావు మీటరు కాంటూర్లు తీయించాలి. హద్దు రాళ్ల దగ్గరే ఆగిపోకుండా ఎగువన, దిగువన కనీసం వంద మీటర్ల దాకా మట్టాలు తీయాలి. దిగువ చెరువు అలుగు మట్టాన్ని కూడా అదే బెంచిమార్కుకు (మట్టాలు లెక్కించే స్థిర గుర్తుకు) కలపాలి. చాలామంది వదిలేసే పని ఇదే. మన కాలువ చివరి మట్టం చెరువు నిండు మట్టం కంటే కిందికి ఉంటే, చెరువు నిండిన రోజున నీరు మన కాలువలోంచే వెనక్కి ఎక్కి వస్తుంది. అప్పుడు కాలువ ఎంత వెడల్పు పెట్టినా ఫలితం ఉండదు.

వదిలిపెట్టవలసిన నేల

మట్టాల పటం మీద మొట్టమొదట గీయవలసినవి వదిలిపెట్టవలసిన పట్టీలు. 2012 ఏప్రిల్ 7 నాటి జీవో 168 (భవన నిర్మాణ నియమాలు) ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువు ఎఫ్‌టీఎల్ (నిండు నీటి మట్టం) హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువులు, కుంటల హద్దు నుంచి 9 మీటర్లు, 10 మీటర్ల కంటే వెడల్పైన కాలువ, వాగు, నాలా అంచు నుంచి 9 మీటర్లు, 10 మీటర్ల లోపు వాటి అంచు నుంచి 2 మీటర్లు కట్టడాలు లేకుండా వదలాలి. దరఖాస్తు పెట్టే నాటికి అమలులో ఉన్న నిబంధనను సరిచూసుకుని, నీటిపారుదల శాఖ నిరభ్యంతర పత్రానికి ముందే వెళ్లడం మంచిది. నా అభిప్రాయం అడిగితే, చిన్న ఒర్రెకు 2 మీటర్లు చాలవు. జేసీబీ దిగి పూడిక తీయడానికి ఒక పక్కన కనీసం 4 మీటర్ల దారి ఉండాలి. లేకపోతే ఇళ్లు కట్టిన తరువాత ఆ ఒర్రెను శుభ్రం చేసే మార్గమే మూసుకుపోతుంది.

పైనుంచి వచ్చే నీరు మనది కాదు, ఆపకూడదు

లేఅవుట్లలో జరిగే పెద్ద పొరపాటు ఇక్కడే ఉంది. మన పది ఎకరాల మీద పడే వానను మాత్రమే లెక్కగట్టి, ఎగువ పొలాల నుంచి మన భూమి గుండా దిగువ చెరువుకు పోయే నీటిని మరిచిపోతాం. దక్షిణ తెలంగాణలో చెరువులు గొలుసుకట్టుగా ఉన్నాయి: ఒక చెరువు అలుగు నీరు కింది చెరువుకు వరద. పానగల్లు ఉదయసముద్రాన్ని కందూరు చోళుల కాలంలో కట్టినప్పటి నుంచి నేటి చిన్న కుంటల దాకా ఈ నేల మీద వ్యవసాయం ఆ గొలుసు మీదే నిలిచింది. మిషన్ కాకతీయలో పూడిక తీసిన చెరువుకు కూడా వరద కాలువ తెగితే నీరు రాదు. మనం ఒర్రెను పూడిస్తే మన ప్లాట్లు మునగడం ఒక నష్టం, దిగువ ఆయకట్టు ఎండడం మరొక నష్టం.

కొన్నేళ్ల కిందట జాతీయ రహదారికి దగ్గరగా ఉన్న ఒక వెంచరుకు, పని సగం అయిన తరువాత నన్ను పిలిచారు. సుమారు 60 ఎకరాల ఎగువ చెల్కల నీరు ఒక ఒర్రెగా ఆ భూమిలోంచి పోయేది. దానిని మొరంతో నింపి, అడుగున 45 సెంటీమీటర్ల హ్యూమ్ పైపు ఒకటి వేసి, పైన 30 అడుగుల రోడ్డు పరిచారు. పైపు మూతి దగ్గర నిలబడి చూస్తే లోపల ఒక తాటిమట్ట అడ్డంగా ఇరుక్కుని, దానికి ఎరువు సంచులు చుట్టుకుని ఉన్నాయి. మొదటి పెద్ద వానకే నీరు పైపును వదిలి మూడు ప్లాట్ల మీదుగా వెళ్లి, కొత్తగా కట్టిన ప్రహరీని పునాదితో సహా పడేసింది. తాటిమట్ట లేకపోయినా ఆ పైపు చాలదు: నూటికి ఒకటి వాలులో నిండుగా పారినా దాని శక్తి సెకనుకు సుమారు 285 లీటర్లు, ఆ 60 ఎకరాల నుంచి గంట వానకు వచ్చే వరద, కింద చూపబోయే లెక్క ప్రకారం, 840 లీటర్లు.

అందువల్ల పైనీటిని ఆ ఒర్రె సహజంగా ఉన్న దారినే, తెరిచిన కాలువగా, మన కుంటతో కలపకుండా నేరుగా దిగువకు పంపించాలి. మన కుంటలోకి దానిని కలిపితే కుంటను ఆరేడు రెట్లు పెద్దదిగా తవ్వవలసి వస్తుంది. ఒర్రె అడ్డంగా రోడ్డు దాటవలసిన చోట పైపుల వరుస కంటే ఒకే పెట్టె కల్వర్టు మేలు, ఎందుకంటే మట్టలు, సంచులు దానిలో ఇరుక్కోవు, లోపలికి మనిషి వెళ్లి తీయగలడు. ఈ దారికి, కుంటకు తీసుకునే దానికంటే పెద్ద వానను, పాతికేళ్లకు ఒకసారి వచ్చేదానిని, లెక్కలోకి తీసుకోవాలి.

లెక్క: పది ఎకరాల ఉదాహరణ

ఒక మిల్లీమీటరు వాన ఒక ఎకరం మీద పడితే 4,047 లీటర్లు. అంటే ప్రతి మిల్లీమీటరుకు ఎకరానికి ఒక చిన్న ట్యాంకరు నీరని గుర్తుపెట్టుకుంటే తక్కిన లెక్క అంతా కళ్లకు కడుతుంది. పది ఎకరాల మీద 50 మిల్లీమీటర్లు పడితే ఐదువందల ట్యాంకర్లు.

చిన్న లేఅవుట్లకు ఇంజినీర్లు వాడే సూత్రం సులువైనది. ప్రవాహ గుణకాన్ని, గంటకు మిల్లీమీటర్లలో వాన ఉధృతిని, హెక్టార్లలో విస్తీర్ణాన్ని గుణించి 360తో భాగిస్తే సెకనుకు ఎన్ని ఘనపు మీటర్లో వస్తుంది. గుణకం అంటే పడిన వానలో ఎంత వంతు నేల మీద పారుతుందన్నది. గట్లున్న చెల్కకు 0.3 తీసుకోవచ్చు, సీసీ రోడ్లు, డాబాలు, బండలు పరిచిన వాకిళ్లు వచ్చాక 0.7 తీసుకోవాలి. ప్లాట్లు ఇంకా ఖాళీగా ఉన్నాయని తక్కువ తీసుకోకూడదు. ఇళ్లన్నీ కట్టిన తరువాతి స్థితికే లెక్క వేయాలి. నల్లరేగడి తడిసి ఉబ్బిన తరువాత నీరు దాదాపు ఇంకదు కాబట్టి గద్వాల, అలంపూర్ వైపు పొలం గుణకమే ఎక్కువగా ఉంటుంది.

వాన ఉధృతికి భారత వాతావరణ శాఖ మహబూబ్‌నగర్, నల్లగొండ కేంద్రాల దీర్ఘకాలపు నమోదులు ఆధారం. తెలంగాణ అభివృద్ధి ప్రణాళిక సంస్థ మండలాల్లో పెట్టిన స్వయంచాలక కేంద్రాలు గంట గంటకూ వాన నమోదు చేస్తాయి కాబట్టి వాటితో సరిపోల్చుకోవచ్చు. అయితే అవి కొద్ది ఏళ్లవే గనుక వాటి మీదే ఆధారపడకూడదు. 24 గంటల వాన మాత్రమే దొరికితే, కావలసిన గంటలను 24తో భాగించి దాని ఘనమూలంతో ఆ వానను గుణించడం మన దేశంలో ఎప్పటి నుంచో వాడుకలో ఉన్న పద్ధతి. పావుగంటకు ఆ ఘనమూలం 0.218, అరగంటకు 0.275, గంటకు 0.347, రెండు గంటలకు 0.437. ఉదాహరణకు పదేళ్లకు ఒకసారి వచ్చే 24 గంటల వాన 120 మిల్లీమీటర్లు అనుకుందాం. అప్పుడు పావుగంటలో 26, అరగంటలో 33, గంటలో సుమారు 42, రెండు గంటల్లో 52 మిల్లీమీటర్లు పడతాయి.

ఇక పది ఎకరాల భూమి, అంటే 4.05 హెక్టార్లు. పొలంగా ఉన్నప్పుడు పై మూల నుంచి కింది మూలకు నీరు చేరడానికి అరగంట పట్టిందనుకుంటే ఉధృతి గంటకు 66 మిల్లీమీటర్లు; వరద సెకనుకు సుమారు 220 లీటర్లు, దాదాపు 8 క్యూసెక్కులు. లేఅవుట్ అయ్యాక నున్నని కాలువల వల్ల అదే దూరం పావుగంటలో దాటుతుంది, ఉధృతి గంటకు 105 మిల్లీమీటర్లవుతుంది, గుణకం 0.7; వరద సెకనుకు సుమారు 830 లీటర్లు, అంటే 29 క్యూసెక్కులు. పడిన వాన ఒక్కటే, బయటికి పోయే వరద దాదాపు నాలుగింతలు. గట్లు పోవడం వల్ల నిలువ పోయింది, కాంక్రీటు వల్ల ఇంకుడు పోయింది, కాలువల వల్ల వేగం పెరిగింది. ఎగువ 60 ఎకరాలకు పైన చెప్పిన 840 లీటర్లు కూడా ఇదే సూత్రం ప్రకారం, 0.3 గుణకంతో, గంట వానతో వచ్చినదే.

కుంట ఆపవలసింది ఈ తేడానే. బయటికి 220 లీటర్లు మించి వదలకూడదు. కుంట నిండకముందు తూము పూర్తి శక్తితో పారదు కాబట్టి సగటున అందులో సగం, 110 లీటర్లు పోతుందని తీసుకోవడం భద్రమైన పద్ధతి. ఇప్పుడు వేర్వేరు వ్యవధుల వానలకు, లోపలికి వచ్చిన నీటిలోంచి బయటికి పోయిన దానిని తీసివేయాలి. పావుగంట వానకు వచ్చేది 742 ఘనపు మీటర్లు, పోయేది 99, నిలిచేది 643. అరగంటకు నిలిచేది 737. గంటకు 1,179 వచ్చి, 396 పోయి, 783 నిలుస్తుంది. రెండు గంటల వానకు మళ్లీ 693కు తగ్గుతుంది. అన్నిటిలో పెద్దది 783 కనుక, పూడికకు, లెక్కలోని లోపాలకు పాతిక శాతం కలిపి 1,000 ఘనపు మీటర్ల కుంట తవ్వాలని నిర్ణయించాలి. ఒకే వ్యవధికి లెక్క వేసి ఆగిపోయేవారు తరచుగా పావుగంట దగ్గరే ఆగి, కుంటను చిన్నదిగా తవ్వుతారు.

దీనికి పట్టే స్థలం ఎంత? నీటి లోతు 1.2 మీటర్లు, ఒడ్డు వాలు ఎత్తు ఒకటికి అడ్డం మూడు చొప్పున పెడితే గట్టు పైఅంచు దాకా సుమారు 13 గుంటలు (ఎకరానికి 40 గుంటలు), చుట్టూ రెండు మీటర్ల బాటతో 16 గుంటలు. పది ఎకరాల్లో ఇది నాలుగు శాతం. ఈ నాలుగు శాతాన్ని చూసి వెనుకాడే యజమానులకు నేను చెప్పేది ఒకటే: పల్లపు మూలలోని ఆ 16 గుంటలు ఎలాగూ నీరు నిలిచే నేలే, వాటిని ప్లాట్లుగా అమ్మితే కొన్నవాళ్లు ఏటా మోకాలి లోతు నీటిలో నిలబడతారు.

కాలువలు

కాలువను రోడ్డు వాలుతో పాటు నడిపించాలి. రోడ్డు మధ్య నుంచి అంచులకు నూటికి రెండు నుంచి రెండున్నర వాలు ఉండాలి. వాలు కొలతను ఎంత మారుస్తుందో చూడండి: మన 830 లీటర్లకు నూటికి ఒకటి వాలు దొరికితే 60 సెంటీమీటర్ల వెడల్పు కాంక్రీటు కాలువలో 60 సెంటీమీటర్ల లోతున నీరు పారుతుంది, వాలు నాలుగువందలకు ఒకటే అయితే 90 వెడల్పు, 67 లోతు కావాలి. రెండింటి మీదా 15 సెంటీమీటర్లు ఖాళీ అంచు వదలాలి. ఇది చివరి కొలత; పైభాగంలో, ఎన్ని ఎకరాల నీరు చేరితే అంతకు తగినట్టు చిన్న కాలువలు సరిపోతాయి. వేగం సెకనుకు 0.6 మీటర్ల కంటే తగ్గితే చెల్క ఇసుక అడుగున పేరుకుంటుంది. 3 మీటర్లు దాటితే కాంక్రీటును కోస్తుంది.

తెరిచిన కాలువను బిల్లలతో (మూత పలకలతో) మూయాలి కానీ వాటిని అతికించకూడదు. ఇద్దరు మనుషులు ఎత్తగలిగిన బిల్లలు, పది మీటర్లకు ఒక జాలీ బిల్ల ఉంటే చాలు. ఇంటింటికీ ర్యాంపు వేసుకునేవారు కాలువలోకి కాంక్రీటు పోయకుండా, ముందే ప్రతి ప్లాటు ముందు ర్యాంపు బిల్లను లేఅవుట్ వాళ్లే వేయించాలి. మురుగు నీటిని, సెప్టిక్ ట్యాంకు పొంగును ఈ కాలువల్లోకి కలపనివ్వకూడదు. ఒక్క ఇల్లు కలిపినా కుంట ఏడాది పొడవునా మురుగు గుంటగా మారి, దానిని పూడ్చమని కాలనీవాళ్లే అడుగుతారు.

కాలువ కొలతకు మించిన వాన తప్పక వస్తుంది. ఆ రోజు నీరు రోడ్డు మీద పారుతుంది కాబట్టి రోడ్లనే రెండవ కాలువగా భావించి, ప్రతి రోడ్డు చివర ప్రహరీ గోడ కాకుండా కుంట గానీ ఒర్రె గానీ ఉండేటట్టు మట్టాలు పెట్టాలి. ప్లాటు మట్టం రోడ్డు మధ్య మట్టం కంటే ఒక అడుగైనా పైన ఉండాలి.

కుంట

కుంట చోటు పల్లపు మూల. తవ్వే ముందు మూడు నాలుగు చోట్ల జేసీబీతో రెండు మీటర్ల గుంతలు తీసి చూడాలి. మన గ్రానైటు నేలల్లో మూడు అడుగుల లోతునే పరుపు బండ తగలవచ్చు. అప్పుడు లోతు తగ్గించి వెడల్పు పెంచడం బండను పగలగొట్టడం కంటే చవక. మొరం ఉన్నచోట నీరు కొంత ఇంకుతుంది, మంచిదే, కానీ ఆ ఇంకుడును నిలువ లెక్కలో తగ్గించకూడదు. ఇంకుడు గుంతలు వేరు, ఈ కుంట వేరు: గుంత భూగర్భజలానికి, కుంట వరదకు. డాబాల శుభ్రమైన నీటిని ఇంకుడు గుంతలకు పంపడం, ముఖ్యంగా ఫ్లోరైడు బాధ ఉన్న మర్రిగూడ, మునుగోడు వైపు, ఎంతో అవసరం. రోడ్ల మీది నూనె మరకల నీటిని మాత్రం నేరుగా బోరు పక్క గుంతలోకి దింపకూడదు.

కుంటకు మూడు భాగాలు చాలు. నీరు ప్రవేశించే చోట, మొత్తం నిలువలో పదో వంతు ఉండే చిన్న పూడిక గుంట. ఇసుక, సంచులు అక్కడే ఆగాలి, అక్కడికి ట్రాక్టరు దిగగలగాలి. రెండవది తూము. గోడలో 60 సెంటీమీటర్ల పైపు పెట్టి, దాని మూతికి మందపు ఇనుప పలకను బోల్టులతో బిగించి, పలకలో 32 సెంటీమీటర్ల గుండ్రటి రంధ్రం కోయిస్తే నీరు 1.2 మీటర్లున్నప్పుడు సుమారు 220 లీటర్లు పారుతుంది. పైపునే చిన్నది వేయకుండా పలక పెట్టడానికి కారణం, పైపు పూడితే తీయడం కష్టం, రంధ్రం సరిపోకపోతే పలక మార్చడం సులువు. పెద్ద వానకు లెక్కగట్టిన ఒకే రంధ్రం చిన్న వానలను ఆపకుండా వదిలేస్తుంది. అందువల్ల అడుగున 20 సెంటీమీటర్ల రంధ్రం ఒకటి, అర మీటరు ఎత్తున మరొకటి పెట్టి, రెండూ కలిసి 220 లీటర్లు దాటకుండా సరిచూసుకుంటే దిగువ రైతుకు మేలు. రంధ్రం ముందు ఏటవాలు ఇనుప జాలీ తప్పనిసరి.

మూడవది అలుగు. పూర్వం చెరువు కట్టినవారు కట్ట కంటే ముందు అలుగు చోటు చూసుకునేవారని పెద్దలు చెబుతారు; ఆ క్రమమే ఇక్కడా పాటించాలి. తూము పూర్తిగా మూసుకుపోయినా వచ్చిన వరద అంతా పోయేటట్టు, 4 మీటర్ల పొడవు అలుగు మీద 25 సెంటీమీటర్ల మందాన 830 లీటర్లకు పైగా నీరు పారుతుంది. అలుగు మీద పారే నీటి మట్టం కంటే గట్టు 30 సెంటీమీటర్లు పైన ఉండాలి. అలుగు దిగువన రాతి పరుపు వేసి, నీటి వేగం చచ్చాకే ఒర్రెలో కలపాలి. పొరుగు రైతు పొలంలోకి పూర్వం పరుచుకుంటూ పోయిన నీటిని పైపు మూతిలోంచి ఒకే ధారగా వదిలితే గట్టు కోసుకుపోతుంది.

సగటున 110 లీటర్లు పోతే నిండు కుంట రెండున్నర గంటల్లో ఖాళీ అవుతుంది. పూడిక వల్ల ఆలస్యమైనా మూడు రోజులు మించి నీరు నిలవకూడదు, ఎందుకంటే ఆ తరువాత దోమలు పెరుగుతాయి. లోతు 1.2 మీటర్లు మించనీయకుండా, ఒడ్డు ఏటవాలుగా, అడుగు నుంచి పైకి మెట్లతో ఉంటే జారిన పిల్లవాడు ఎక్కి రాగలడు. ఏడాదిలో ఎక్కువ నెలలు కుంట ఎండే ఉంటుంది కాబట్టి అడుగున గడ్డి పెంచి ఆటస్థలంగా వాడుకోవచ్చు. కానీ గోడలు, గదులు, బల్లలు కట్టకూడదు. పార్కుకు వదలవలసిన పది శాతంలో దీనిని లెక్కించవచ్చో లేదో అనుమతి ఇచ్చే అధికారిని ముందే రాతపూర్వకంగా అడగాలి.

పని వరుస, తరువాతి సంరక్షణ

మొదట తవ్వవలసింది కుంట. ఆ మట్టి రోడ్లకు పనికొస్తుంది, పని జరిగినంత కాలం కొట్టుకొచ్చే మొరాన్ని కుంట ఆపుతుంది, దిగువ చెరువులో పూడిక పడదు. తరువాత ఒర్రె కల్వర్టులు, ఆ తరువాత దిగువ నుంచి ఎగువకు కాలువలు, చివర రోడ్లు. పని పూర్తయ్యాక కుంటలో చేరిన మట్టిని తీసి, అసలు మట్టాలకు తెచ్చి, మట్టాలతో కూడిన తుది పటం గీయించాలి. రోడ్లు, ఖాళీ స్థలాలతో పాటు కుంటను, కాలువ పట్టీలను కూడా గిఫ్ట్ డీడు ద్వారా మున్సిపాలిటీకి గానీ పంచాయతీకి గానీ అప్పగించాలి. ప్రతి ప్లాటు దస్తావేజులోనూ కుంట హద్దులు రాయించాలి.

ఏటా రెండు మార్లు శుభ్రం చేయాలి: రోహిణి కార్తెలో, మృగశిర రాకముందే ఒకసారి, హస్త, చిత్తల్లో పడే వానలకు ముందు, భాద్రపదంలో మరొకసారి. పూడిక గుంటలో సగం నిండితే ఆ ఏడాది లెక్క తప్పినట్టే.

కుంటలో తూము పక్కన సెంటీమీటర్ల గీతలు గీసిన రాయి ఒకటి పాతించాలి. మొదటి రెండు వానాకాలాల్లో ప్రతి పెద్ద వాన తరువాత నీరు ఏ గీత దాకా ఎక్కిందో, ఎన్ని గంటలకు దిగిందో కాపలాదారు చేత పుస్తకంలో రాయించి, ఆ రోజు మండల కేంద్రంలో నమోదైన వాన పక్కన వేసుకోవాలి. లెక్కకూ రాతకూ తేడా కనిపిస్తే, ఎండాకాలంలో ఇనుప పలక విప్పి రంధ్రాన్ని సరిచేసి మళ్లీ బిగించాలి.